కొల్లేటి సీమ స్టార్టప్‌లలో కోడ్ రాయనివారికి చోటెక్కడ?

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో బీకాం, ఎంబీఏ చదివారు. కోడింగ్ రాదు. అప్పుడే పుట్టిన కంపెనీలో వ్యాపారం చూసుకునే పని కావాలి. ఇలాంటివాళ్లకి నలుగురు నాలుగు రకాలుగా చెబుతున్నారు. సరుకు తయారయ్యేదాకా మీతో పనిలేదని ఒకరంటే, మీలాంటివాళ్లు లేకే కంపెనీలు మూతపడుతున్నాయని మరొకరు. ముందు ఏదైనా రొయ్యల మేత కంపెనీలో మూడేళ్లు తిరిగి రమ్మనేవారు ఇంకొకరు. జీతం అడక్కు, వాటా అడుగు అనేది నాలుగో మాట. ప్రతి మాట వెనకా ఒక అనుభవం ఉంది. ఏ అనుభవం ఏ నేలమీద పుట్టిందో చూడకుండా అన్నిటినీ ఒకే గాటన కట్టడంతోనే చర్చ చిక్కుపడింది.

ఇక్కడ ప్రస్తావన ప్రధానంగా ఆక్వా గురించే. కొల్లేటి చుట్టుపక్కల కొత్త కంపెనీ అనగానే నూటికి తొంభైమంది మనసులో మెదిలేది చెరువే కదా. కోకో, ఉల్లి, నిమ్మ, పామాయిల్ సంగతులు అవసరమైన చోట వస్తాయి.

స్టార్టప్ అనే పేరు రాకముందు

ఈ డెల్టాకు కొత్త కంపెనీ పెట్టడం కొత్త కాదు. ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. వరి, చెరకు మిగులు డబ్బు మిల్లుల్లోకి, సినిమాల్లోకి, కాంట్రాక్టుల్లోకి ఎలా పారిందో సామాజిక శాస్త్రవేత్త కేరల్ ఉపాధ్య 1988లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు. ఆ తరం సంస్థల్లో వ్యాపార బాధ్యత ఎవరిదన్న ప్రశ్నే పుట్టలేదు. డబ్బు పెట్టినాయన బావమరిదో మేనల్లుడో బయటి వ్యవహారం చూసేవాడు, నమ్మకమైన గుమస్తా లెక్కలు చూసేవాడు. ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ చేసి తీసుకునే ఉద్యోగం కాదది. “మీరు ఎవరి తాలూకండీ?” అన్న ప్రశ్నకు వచ్చే జవాబే అప్పట్లో సగం అర్హత.

కొల్లేటిలో చేపల చెరువులు 1970లలో సహకార సంఘాల పేరుతో విస్తరించాయి. 1990ల మొదట్లో టైగర్ రొయ్య హవా నడిచింది. 1993లో మొదలైన అవంతి ఫీడ్స్ కొవ్వూరులో మేత తయారీ పెట్టింది. 1994 తర్వాత వైట్ స్పాట్ వైరస్ టైగర్ రైతుల్ని దెబ్బతీసింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక చెరువులు మళ్లీ నిండాయి. ఆక్వాలో జీతానికి పనిచేసే వ్యాపార ఉద్యోగులు పెద్దసంఖ్యలో కనబడింది ఈ దశలోనే. మేత కంపెనీలు, మందుల కంపెనీలు మండలానికో ఏరియా మేనేజర్ని పెట్టి, మోటారు సైకిల్ మీద గట్లు తిప్పాయి. ఈనాటి స్టార్టప్‌లు వెతికే బిజినెస్ డెవలప్‌మెంట్ మనిషికి పూర్వీకుడు అప్పటి ఆ ఏరియా మేనేజరే.

2012 తర్వాత మారిందేమిటి

శ్రీరామ్ రావి 2012లో విజయవాడ కేంద్రంగా ఎరువాక టెక్నాలజీస్ ప్రారంభించారు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి ఫోనుకు కబురు పంపే పరికరాలు, వాటంతటవే మేత చల్లే యంత్రాలు ఆ సంస్థ తయారుచేసింది. ఓమ్నివోర్ లాంటి వెంచర్ నిధి ఆక్వా పరికరాల మీద డబ్బు పెట్టడం ఇక్కడివారికి అప్పట్లో వింత. 2018లో నెదర్లాండ్స్‌కు చెందిన న్యూట్రెకో ఎరువాకలో పెట్టుబడి పెట్టడంతో ఆ వింత తగ్గింది. చెన్నైలో 2017లో పుట్టిన ఆక్వాకనెక్ట్ సలహాల యాప్‌తో బయల్దేరి, మేత, మందుల దుకాణాలను భాగస్వాములుగా చేర్చుకునే దారి పట్టింది. పవన్ కృష్ణ కొసరాజు 2020లో విజయవాడలో పెట్టిన ఆక్వా ఎక్స్ఛేంజ్ ఏరేటర్ల నియంత్రణ పరికరాలతో చెరువుల్లోకి వచ్చింది. బెంగళూరు కంపెనీ కెప్టెన్ ఫ్రెష్ అమ్మకపు కొసను పట్టుకుంది.

ప్రభుత్వ పక్షాన 2016 జనవరిలో స్టార్టప్ ఇండియా వచ్చింది. 2025 ఆగస్టులో అమరావతి ప్రాంతంలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. రాష్ట్రంలో దాని ప్రాంతీయ కేంద్రాలు ఐదు. ఏలూరు, తాడేపల్లిగూడెం ఆ ఐదింటిలో లేవు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్ఐటీ ఉంది, పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, ఏలూరులో సి.ఆర్. రెడ్డి కళాశాలల పరంపర ఉంది. ఇంజినీర్లకు, శాస్త్రజ్ఞులకు ఇక్కడ కొరత లేదు. వ్యాపారం తెలిసిన మనిషి వాళ్లకు ఎదురయ్యే చోటు మాత్రం ఇంకా సరిగ్గా ఏర్పడలేదు.

మొదటి వాదం: అమ్మాల్సింది ఫౌండరే

ఈ వాదానికి మూలం అమెరికా సాఫ్ట్‌వేర్ లోకం. స్టీవ్ బ్లాంక్ 2005లో తెచ్చిన ‘ది ఫోర్ స్టెప్స్ టు ది ఎపిఫనీ’ పుస్తకం, పాల్ గ్రాహం 2013లో రాసిన వ్యాసం ‘డూ థింగ్స్ దట్ డోంట్ స్కేల్’ దీనికి ఆధార గ్రంథాల్లాంటివి. మొదటి ఖాతాదారుల్ని ఫౌండరే స్వయంగా వెళ్లి పట్టుకోవాలి, వాళ్ల తిట్లు ఫౌండరే వినాలి, లేకపోతే తయారీలో లోపం ఎక్కడుందో తెలియదు అన్నది సారాంశం. అమ్మకాల అధికారిని తొందరపడి తీసుకుంటే, తయారవని సరుకును అమ్మలేక ఆయనా పోతాడు, జీతం డబ్బూ పోతుంది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ రెడ్‌బస్. ఫణీంద్ర సామ, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు ముగ్గురూ బిట్స్ పిలానీలో చదివిన ఇంజినీర్లే. 2006లో బెంగళూరులో మొదలుపెట్టారు. బస్సు ఆపరేటర్లకని చేసిన సాఫ్ట్‌వేర్‌ను మొదట ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లే ఆపరేటర్ల చుట్టూ తిరిగారు, తిరిగాకే అమ్మాల్సింది టికెట్లని తేలింది. అమ్మకాల మనిషిని పెట్టుకుని, ముగ్గురూ గదిలో కూర్చుని ఉంటే ఆ మలుపు వచ్చి ఉండేది కాదని ఈ వాదులు అంటారు. ఆ మాట కాదనలేం.

కానీ ఈ వాదం నుంచి పిండుకోవాల్సిన దానికంటే ఎక్కువ పిండుకున్నారు. ఫౌండర్ అమ్మాలి అంటే రెండోవాడు అక్కర్లేదని కాదు. మార్క్ లెస్లీ, చార్ల్స్ హాలోవే 2006లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ అతిని కొంత సరిచేస్తుంది. అమ్మకం కూడా తయారీ లాగే నేర్చుకుంటూ మెరుగయ్యే పని అనీ, మొదట్లో కావలసింది టార్గెట్ కొట్టేవాడు కాదు, విన్నది తెచ్చి లోపల చెప్పగలిగేవాడు అనీ వాళ్లన్నారు. అలా చూస్తే ఫౌండర్ పక్కన మోటారు సైకిల్ మీద వెనక కూర్చునేవాడికి మొదటిరోజు నుంచే చోటుంది. ప్రకటనలో రాసే ‘సేల్స్ హెడ్’ కాదు ఆ చోటు.

రెండో వాదం: వ్యాపారం తెలిసినవాడే ముందు

దీనికీ ఉదాహరణలు ఉన్నాయి. హైదరాబాద్‌లో 2015లో డార్విన్‌బాక్స్ పెట్టిన జయంత్ పాలేటి, రోహిత్ చెన్నమనేని, చైతన్య పెద్ది కన్సల్టింగ్, బ్యాంకింగ్ రంగాల నుంచి వచ్చినవారు. వాళ్లకు కంపెనీల మానవ వనరుల విభాగాల తలనొప్పులు ముందు తెలుసు, సాఫ్ట్‌వేర్ తర్వాత వచ్చింది. కెప్టెన్ ఫ్రెష్ ఫౌండర్ ఉత్తమ్ గౌడ విశాఖ కంపెనీ నెక్కంటి సీ ఫుడ్స్‌లో పెద్ద బాధ్యతల్లో పనిచేసి, ఎగుమతి లోగుట్టు తెలుసుకున్నాకే సొంతంగా దిగారు.

ఏలూరు జిల్లాలోనే ఇంకా చక్కని ఉదాహరణ ఉంది. కామవరపుకోట మండలం తడికలపూడిలో కోకో గింజల్ని పులియబెట్టే కేంద్రం నడుపుతున్న డిస్టింక్ట్ ఆరిజిన్స్, దాని ఆధారంగా 2023లో హైదరాబాద్‌లో తెరిచిన మనం చాక్లెట్ రెండిటి వెనకా ఉన్నది చైతన్య ముప్పాల. ఆయన వచ్చింది ఆల్మండ్ హౌస్ మిఠాయిల వ్యాపారం నుంచి. కొబ్బరి, పామాయిల్ తోటల నీడన దశాబ్దాలుగా కోకో పండుతూనే ఉంది. రైతు గింజల్ని ఎండబెట్టి పెద్ద కంపెనీ కొనుగోలు కేంద్రానికి వేయడమే అలవాటు. అక్కడ కొత్తగా కనిపెట్టిన యంత్రమేమీ లేదు. ఎండబెట్టకముందే నాణ్యత చూసి కొని, ఒకే పద్ధతిలో పులియబెట్టి, ఊరి పేరుతో సహా చాక్లెట్ రేపర్ మీదికి ఎక్కించడమే కొత్తదనం. అలాంటి కంపెనీలో కొనుగోలు చూసేవాడు, రైతుతో మాట్లాడేవాడు, బ్రాండ్ కథ రాసేవాడు పక్కవాద్యం కాదు, కచేరీయే వాళ్లది.

ఈ వాదంలో ఒక లోపముంది. చెప్పే ఉదాహరణలన్నీ సొంత డబ్బో, పెద్ద కంపెనీ అనుభవమో, కుటుంబ వ్యాపారమో ఉన్నవారివి. ఉద్యోగం కోసం వచ్చే పాతికేళ్ల ఎంబీఏకు వాటిని వర్తింపజేయడం కొంచెం అన్యాయం.

గట్టు మీది లెక్క

రెండు వాదాలూ పట్టించుకోని సంగతి ఒకటుంది. కొల్లేటి సీమలో వ్యాపారమంటే ముందుగా అప్పు.

ఒక వనామీ చెరువు తీసుకోండి. పిల్ల వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా మూడు నుంచి నాలుగు నెలలు. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. రైతు ఆ మేతను డీలరు దగ్గర అరువు మీద తెస్తాడు. నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి. ఆ తేడాలోనే వడ్డీ ఉంటుంది. పట్టుబడి రోజున కొనుగోలు ఏజెంటు వల దగ్గర కౌంట్ తీస్తాడు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నదే కౌంట్. ముప్పై కౌంటుకు ఒక ధర, వంద కౌంటుకు అందులో సగానికి అటూఇటూ మరో ధర. డబ్బు రైతు చేతికి రాకముందే డీలరు బాకీ అందులోంచి కోతపడుతుంది. చాలాచోట్ల డీలరూ ఏజెంటూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఒక్కోసారి ఒక్కరే. రైతు ఎవరికి అమ్మాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది.

ఇప్పుడు ఈ గట్టు మీదికి స్టార్టప్ తరఫున ఒక కుర్రాడు ట్యాబ్లెట్ పట్టుకుని వచ్చి, తక్కువ ధరకు మేత ఇస్తామంటాడు. రైతుకు నచ్చుతుంది. కానీ డీలరు బాకీ ఉండగా వేరే మేత కొంటే, రేపు వైరస్ వచ్చి పంట పోయినప్పుడు నిలబడి మళ్లీ అరువిచ్చేది ఎవరు? యాప్ ఇవ్వదు. డీలరు ఇస్తాడు, ఎందుకంటే తన పాత బాకీ రాబట్టుకోవాలంటే ఇంకో పంట వేయించడం తప్ప ఆయనకూ దారి లేదు. ఈ ముడిని విప్పలేని కంపెనీలు మొదట డీలర్లను తప్పించాలనుకుని, తర్వాత వాళ్లనే భాగస్వాములంటూ కలుపుకున్నాయి.

అందుకే ఇక్కడ వ్యాపార బాధ్యతకు అసలు పరీక్ష అమ్మకం దగ్గర కాదు, వసూలు దగ్గర. ఇన్‌సెంటివ్‌ను బిల్లుల లెక్కన ఇస్తే ఉద్యోగి సీజన్ మొదట్లో అడిగినవాడికల్లా అరువు పోస్తాడు. నాలుగు నెలల తర్వాత కంపెనీ పుస్తకంలో అమ్మకాలు ఘనంగా ఉంటాయి, బ్యాంకులో డబ్బుండదు. ఏ రైతు ఎవరికి ఎంత బాకీ, ఏ చెరువు లీజు ఎప్పుడు తీరుతుంది, ఎవరు తెల్లవారుజామున మేత చెక్ ట్రే స్వయంగా చూసుకుంటారు, ఎవరు పాలేరుకు వదిలేసి ఊళ్లో ఉంటారు, ఇవి తెలిసినవాడి విలువ స్లైడ్లు గీసేవాడికి రాదు. ఈ పరిజ్ఞానం ఉన్నవాళ్లను కంపెనీలు ‘ఫీల్డ్ స్టాఫ్’ అని అట్టడుగు వరసలో పెట్టి, వ్యూహం పేరుతో హైదరాబాద్ నుంచి ఇంకొకర్ని తెచ్చుకోవడం నాకు అర్థంకాని వింత.

ఇంకో చిక్కు కాలానిది. ఆఫర్ లెటర్లో మూడు నెలల ప్రొబేషన్ అని రాస్తారు. సాఫ్ట్‌వేర్‌లో అది సరిపోవచ్చు. ఇక్కడ మూడు నెలలకు ఒక రొయ్యల పంట కూడా పూర్తిగా తెమలదు, రోహు, కట్ల అయితే దాదాపు ఏడాది. ఏడాదిన్నరకు సరిపడా నిధులున్న కంపెనీ చేపల రైతుల మధ్య తన మాట నిజమో కాదో ఒకే ఒక్కసారి చూసుకోగలదు. పనిమంతుడో కాదో నెలల్లో కాక పంటల్లో లెక్కపెట్టాలని అడిగే అభ్యర్థి ఎదురైతే, ఫౌండర్‌కు అతని మీద గౌరవం పెరగాలి.

లోపలికి దారులు

ప్రకటనల ద్వారా దొరికే చోట్లు తక్కువ. మేత, మందుల కంపెనీల నుంచి వచ్చేవారిది పాత దారి, ఇప్పటికీ గట్టి దారి. బీఎఫ్‌ఎస్‌సీ (మత్స్యశాస్త్రం) చదివినవారిది రెండో దారి: రైతు సరుకు కొనేది తన నీళ్లు చూసి నాలుగు మాటలు చెప్పినవాడి దగ్గరే కాబట్టి, టెక్నీషియన్‌గా చేరినవాడే ఏడాది తిరక్కుండా వ్యాపారం చూస్తుంటాడు. బీకాం చదివినవారు ఈ పోటీలో వెనకబడినట్టు కనిపిస్తారు, నిజానికి వాళ్లకు వేరే తలుపుంది. అరువు పుస్తకం నడపడం, బ్యాంకులతో, ఎన్‌బీఎఫ్‌సీలతో మాట్లాడటం, జీఎస్టీ చూడటం ఫౌండర్లకు తెలియని పనులు, నచ్చని పనులు కూడా.

అనుమతుల పని చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఐదో కాంటూరు గీత లోపలి చెరువుల్ని 2006లో ప్రభుత్వం గండ్లు కొట్టి తొలగించింది. 2020లో రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం వచ్చాక సాగుకూ వ్యాపారానికీ లైసెన్సుల వ్యవహారం పెరిగింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి కైకలూరు, ముదినేపల్లి వైపు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో ఉండిపోయింది. ఏ చెరువు ఏ గీతకు ఇవతల ఉందో తెలియకుండా అప్పిచ్చే కంపెనీ పెద్ద ప్రమాదమే నెత్తినెత్తుకుంటుంది. ఆ గీతలు తెలిసిన స్థానికుడికి బెంగళూరు రెజ్యూమే పోటీ కాదు.

చదువుకునేవారికి ఎన్ఐటీ, ఉద్యాన విశ్వవిద్యాలయం, ఏలూరు కళాశాలల మధ్య దూరం దాదాపు గంట ప్రయాణమే. అయినా కామర్స్ విద్యార్థి ఇంజినీరింగ్ ప్రాజెక్టులో అడుగుపెట్టే సందర్భం అరుదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ధర ఎలా తేలుతుందో, ఏలూరు నిమ్మకాయల యార్డులో గ్రేడింగు ఎవరు చేస్తారో నెల్లాళ్లు చూసి రాసిన నాలుగు పేజీలు, చాలా సర్టిఫికెట్లకంటే బాగా పలుకుతాయి.

జీతమా, వాటానా

అందరూ గొంతు పెంచేది ఇక్కడే. ఈ సీమలో వాటా పాత అలవాటు. నలుగురు కలిసి చెరువు లీజుకు తీసుకోవడం, డబ్బు పెట్టనివాడు కాపలా, యాజమాన్యం చూసి వాటా తీసుకోవడం తెలిసినదే. ఆ వాటా ఏటా పంటకు తేలిపోతుంది. స్టార్టప్ వాటా అలా తేలదు. ఎవరైనా కంపెనీని కొంటేనో, షేర్లు బజారుకెక్కితేనో డబ్బవుతుంది. రెండిటినీ ఒకటే అనుకుని చేరినవారికి నిరాశ తప్పదు.

చట్టం కొంత స్పష్టంగా ఉంది. 2013 కంపెనీల చట్టం కింద ఈసాప్ (ఉద్యోగులకు షేర్లిచ్చే పథకం) ఇవ్వాలంటే సంస్థ కంపెనీగా నమోదై ఉండాలి. ఎల్‌ఎల్‌పీకి షేర్లే ఉండవు కాబట్టి ఈసాప్ ప్రసక్తే లేదు. మంజూరుకూ హక్కు రావడానికీ మధ్య కనీసం ఏడాది గడవాలి. షేర్లు తీసుకున్న రోజునే, చేతికి పైసా రాకపోయినా, లాభాన్ని జీతంలో భాగంగా లెక్కగట్టి పన్ను పడుతుంది. 2020 బడ్జెట్ ఆ పన్నును వాయిదా వేసుకునే వెసులుబాటిచ్చింది గానీ అది ప్రత్యేకంగా ధ్రువీకరించిన స్టార్టప్‌లకే. ‘మీకు వెయ్యి షేర్లు’ అని లెటర్లో ఉంటే, మొత్తం ఎన్ని షేర్లని అడగాలి. మొత్తం పదివేలైతే అది పదోవంతు, కోటి అయితే లెక్కలోకే రాదు.

రెండు పక్షాల మాటా పక్కపక్కన పెడితే ఇలా ఉంది. జీతం తగ్గించి వాటా తీసుకోమనేవారు కంపెనీ బతుకుతుందన్న నమ్మకంతో మాట్లాడుతున్నారు; సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఆ పందెం కొందరికి ఫలించింది. జీతమే ముఖ్యమనేవారు వైట్ స్పాట్ చూసినవారు, 2006లో చెరువులకు గండ్లు కొట్టడం చూసినవారు. ఇంటి నుంచి ఆసరా ఉన్నవాడు మొదటి సలహా వినగలడు, ఇంటికి డబ్బు పంపాల్సినవాడు వినలేడు. దీన్ని ధైర్యానికి కొలతగా మాట్లాడటం మానేస్తే మంచిది. ఆక్వాలో మూడో పద్ధతి నాకు ఎక్కువ న్యాయంగా తోస్తుంది: బతకడానికి సరిపడే జీతం, బిల్లు మీద కాక వసూలైన డబ్బు మీద ఇన్‌సెంటివ్, రెండు పంటలు దాటాక వాటా.

తేలని సంగతులు

అమ్మినవాడే వసూలు చేయాలా, వేరే మనిషి చేయాలా? డీలర్ల లోకం ఒకడే చేయాలంటుంది, ఎందుకంటే మాటిచ్చినవాడి ముఖం చూసే రైతు కడతాడు. ఫైనాన్స్ కంపెనీల నుంచి వచ్చినవారు విడదీయాలంటారు, అమ్మినవాడు రైతుతో కుమ్మక్కయి బాకీ దాస్తాడని. రెండూ నిజమైన భయాలే.

బంధుత్వం సంగతీ అంతే. ‘ఎవరి తాలూకు’ అనే ప్రశ్నను యాప్ చెరిపేస్తుందని ఆశపడినవారున్నారు. చెరువు యజమాని ఫోనులో ధర చూసుకుంటున్నా, అరువు దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరి పూచీ అడుగుతూనే ఉన్నాడు. ఊరి పేరు, ఇంటిపేరు పనికిరాని అభ్యర్థి ఆ పూచీని దేనితో భర్తీ చేయగలడో ఏ సలహాదారూ సరిగ్గా చెప్పలేదు.

మూడోది మార్కెట్‌ది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధరలు పడ్డాయి. అప్పటిదాకా ఎగుమతిదారుల చుట్టూ తిరగడమే వ్యాపార బాధ్యతగా నడిచిన కంపెనీలకు దేశీయ వినియోగం గుర్తొచ్చింది. కొల్లేటి చేపకు ఆ దారి ఎప్పట్నుంచో ఉంది: ఐసు పెట్టెల్లో లారీలెక్కి హౌరాకూ అసోంకూ పోతూనే ఉంది, ఆ బేరం ఫోను మీద పాత ఏజెంట్లే నడుపుతున్నారు. రొయ్యకు అలాంటి దారి లేదు. హైదరాబాద్ వంటింట్లోకి, నాగపూర్ హోటల్లోకి దాన్ని చేర్చే ఉద్యోగం ఇప్పుడు కొత్తగా పుడుతోంది. ఆ పని హౌరా బేరం తెలిసిన ఆకివీడు ఏజెంటు కొడుక్కి అప్పగించాలా, సబ్బులూ బిస్కెట్లూ అమ్మి వచ్చిన నగరపు మేనేజరుకు ఇవ్వాలా అన్నదాని మీద కంపెనీల్లో ఒక్క మాట లేదు.